సోడా లేని పొంగు

దగ్గరికి రండర్రా, ఇవాళ గూజేర్ సంగతి చెప్పుకుందాం. ఫ్రాన్సు దేశపు చిరుతిండి అది. మైదా, వెన్న, గుడ్లు, చీజు కలిపిన పిండిని చెంచాడు చెంచాడుగా ట్రే మీద పెట్టి ఓవెన్లో కాలుస్తారు. పైన బంగారు రంగు, కొరికితే కరకర, లోపలంతా గుల్ల. తీపి ఉండదు. ఉప్పు, మిరియాల ఘాటు, కాలిన చీజు కమ్మదనం ఉంటాయి. బేకరీలో మీరు ఇష్టంగా తినే ఎక్లేర్ ఉంది చూశారూ, దాని తొడుగు కూడా ఈ పిండే, చీజు మాత్రం వెయ్యరు.

ఈ పిండిలో వంటసోడా లేదు. బేకింగ్ పౌడర్ లేదు. ఈస్టు వేసి పులియబెట్టడం లేదు. కేకుకి చేసినట్టు గుడ్లు నురగ కట్టేదాకా గిలక్కొట్టడమూ లేదు. అయినా ఓవెన్లోకి వెళ్ళిన ముద్ద మన కళ్ళముందే రెండింతలు, మూడింతలు అవుతుంది. దాన్ని పొంగించేది నీళ్ళు. గిన్నెలో మనం పోసిన మామూలు మంచినీళ్ళే. ఆ నీళ్ళని పిండిలో ఎలా దాచాలి, ఎప్పుడు ఆవిరిగా మార్చాలి, ఆ ఆవిరి జారిపోకుండా చుట్టూ గోడ ఎలా కట్టాలి, ఈ వంటలో విద్యంతా అక్కడే ఉంది. ఇది తెలిస్తే వంటపుస్తకం చెప్పే ప్రతి మాటకీ కారణం మీకు మీరే చెప్పుకోగలరు. అందుకే ఈ తిండంటే నాకంత ఇష్టం.

ముందు దాని ఊరు చెబుతాను. ఫ్రాన్సు తూర్పు భాగంలో బర్గండీ అనే సీమ ఉంది. ద్రాక్షతోటలకి పేరుమోసిన నేల. దీజోన్ నగరం అక్కడిదే. ఆ సీమలో టొన్నేర్, ఓసేర్, సాన్స్ వంటి పట్నాల్లో గూజేర్ ఇంటి వంట, బేకరీ వంట కూడా. వైన్ నిల్వచేసే నేలమాళిగల్లో రుచి చూడటానికి వచ్చినవాళ్ళకి చల్లారిన గూజేర్లు పళ్ళెంలో పెట్టడం అక్కడి మర్యాద. విడివిడి ఉండలుగా చేస్తారు, ఉండలన్నీ గుండ్రంగా ఆనించి పెట్టి ఒకే పెద్ద వలయంగానూ కాలుస్తారు. 1533లో ఫ్రాన్సు రాజకుమారుణ్ణి పెళ్ళాడి వచ్చిన కాత్రీన్ ద మెదిచి వెంట ఇటలీ నుంచి ఒక వంటవాడు వచ్చాడనీ, ఈ పిండి అతనే తెచ్చాడనీ ఒక కథ చెబుతారు. పెళ్ళి నిజమే. వంటవాడి కథకి మాత్రం ఆ కాలం నాటి ఆధారం కనపడదు కాబట్టి నేను దాన్ని నమ్మను. వంటలు అలా ఒకరి చేతిలో ఒకరోజున పుట్టవు.

ఇప్పుడు మీరు నన్నొక ప్రశ్న అడగాలి. పిండి కలిపేటప్పుడు కాస్తో కూస్తో గాలి లోపల చిక్కుకుంటుంది కదా, ఆ గాలే వేడికి వ్యాకోచించి పొంగించిందేమో, ఆవిరే అని ఎలా చెప్పగలం? మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం.

ఝాక్ షార్ల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఉండేవాడు. 1783 డిసెంబరు 1న పారిస్‌లో హైడ్రోజన్ నింపిన బెలూన్ ఎక్కి ఆకాశంలోకి వెళ్ళిన మనిషి. వాయువుల వ్యాకోచానికి ఆయన పేరుతో సూత్రం ఉంది, మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఛార్లెస్ నియమం అని చదువుకుంటారు. ఒత్తిడి మారకుండా ఉంటే, సున్నా డిగ్రీల దగ్గర ఉన్న వాయువు ప్రతి డిగ్రీకీ తన పరిమాణంలో 273వ వంతు పెరుగుతుంది. మన వంటింట్లో 30 డిగ్రీల దగ్గరున్న గాలి ముద్ద లోపల 100 డిగ్రీలకి చేరిందనుకోండి. రెండు వేడిలకీ 273 కలిపి, 373ని 303తో భాగిస్తే 1.23. అంటే వంద పాళ్ళ గాలి నూట ఇరవైమూడు పాళ్ళయింది. నాలుగో వంతు కూడా పెరగలేదు. ఇంతోటి గాలి ముద్దని మూడింతలు చెయ్యలేదు కదా.

అదే ఒక గ్రాము నీటిని తీసుకోండి. నీరుగా ఉన్నప్పుడు అది ఒక ఘన సెంటీమీటరు. 100 డిగ్రీల దగ్గర ఆవిరయితే పదహారు వందల ఘన సెంటీమీటర్లకి పైగా చోటు కావాలి. చెంచా నీళ్ళు ఆవిరయితే ఒక బకెట్టు నిండేలా ఉంటుంది. ముద్దలో ఉన్న నీటిలో కొద్ది భాగం ఆవిరయితే చాలు, పొంగుకి సరిపోతుంది. చిక్కుకున్న చిన్న గాలిబుడగలకీ పని ఉంది, ఆవిరి చేరడానికి అవి ముందే చోటు సిద్ధం చేసి ఉంచుతాయి. తొయ్యడం మాత్రం ఆవిరి పని.

ఇలా వంటగిన్నె దగ్గర నిలబడి లెక్కలు వెయ్యడాన్ని గౌరవమైన శాస్త్రంగా నిలబెట్టినవాళ్ళలో ఇద్దరి పేర్లు మీకు తెలియాలి. నికొలస్ కుర్తి బుడాపెస్ట్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. పరమశూన్య ఉష్ణోగ్రతకి అతి దగ్గరగా పదార్థాన్ని చల్లబరచడం ఆయన పరిశోధన. అలాంటి మనిషి 1969లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వంటింట్లో భౌతికశాస్త్రం గురించి ఉపన్యాసమిచ్చాడు. శుక్రగ్రహపు వాతావరణంలో వేడి ఎంతో కొలుస్తున్నాం గాని, మనం తినే సూఫ్లే లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం లేదని ఆయన బాధ. ఆయనకి తోడైనవాడు ఎర్వే తీస్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త. ఇద్దరూ కలిసి 1988లో ఈ శాస్త్రానికి మాలిక్యులర్ గ్యాస్ట్రానమీ అని పేరు పెట్టారు. సూఫ్లే కూడా గుడ్లతో, తరచు చీజుతో, పొంగే ఫ్రెంచి వంటకమే. అది పొంగడంలో గాలి వ్యాకోచం కన్నా అడుగు నుంచి లేచే నీటి ఆవిరిది పెద్ద పాత్ర అని తీస్ చూపించాడు.

సరే, పొయ్యి వెలిగిద్దాం. పదహారు పద్దెనిమిది చిన్న గూజేర్లకి కొలతలు రాసుకోండి. నీళ్ళు 120 మి.లీ., వెన్న 55 గ్రాములు, మైదా 70 గ్రాములు, గుడ్లు రెండు, తురిమిన చీజు 60 గ్రాములు, మిరియాల పొడి పావు చెంచా, జాజికాయ అరగదీసింది చిటికెడు. సగం నీళ్ళకి బదులు పాలు పోసేవాళ్ళున్నారు, రంగు ఎక్కువ వస్తుంది, పెంకు కొంచెం మెత్తబడుతుంది. మనకి దుకాణంలో దొరికే వెన్న ఎక్కువగా ఉప్పు కలిపినదే, చీజులోనూ ఉప్పుంటుంది. అందుకని విడిగా ఉప్పు వెయ్యకండి. ఉప్పులేని వెన్న అయితే చిటికెడు చాలు. కప్పులతో కాక త్రాసుతో తూచుకోండి, ఈ వంటకి అది తప్పనిసరి.

మందపాటి గిన్నెలో నీళ్ళు, చిన్న ముక్కలుగా కోసిన వెన్న వేసి ఎసరు పెట్టండి. ముక్కలు చిన్నగా ఎందుకంటే, ఎసరు మరగడం మొదలయ్యేసరికి వెన్న పూర్తిగా కరిగి ఉండాలి. పెద్ద దిమ్మ వేస్తే అది కరిగేదాకా నీళ్ళు మరుగుతూనే ఉంటాయి, మనం కొలిచి పోసిన నీటిలో కొంత ఇంటి కప్పుకి పోతుంది. ఎసరు తెర్లగానే మంట తగ్గించి, జల్లించిన మైదా అంతా ఒక్కసారే పోసి, చెక్క గరిటెతో గట్టిగా కలపండి.

ఇక్కడ మీ అమ్మమ్మని పిలవాలి, ఎందుకంటే ఈ పని ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. చేగోడీలకి ఎసరు పెట్టి, అందులో ఉప్పు, కాస్త వెన్న వేసి, తెర్లగానే బియ్యప్పిండి పోసి కలిపి మూత పెడుతుంది కదా. పిండిని చల్లటి నీళ్ళతో కలిపితే చేగోడీ చుట్టేటప్పుడు విరిగిపోతుంది, ఎసట్లో ఉడికిన పిండి అయితే చేతికి లొంగి, వేలి చుట్టూ తిరుగుతుంది. గూజేర్ పిండికి మొదటి మెట్టు అచ్చంగా ఇదే. బర్గండీ వంటామెకీ, మన పల్లెటూరి ఇల్లాలికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పిండిపదార్థం గుణం మాత్రం రెండు చోట్లా ఒకటే, ఇద్దరూ దాన్ని చేత్తో కనిపెట్టారు.

ఆ గుణం ఏమిటో చూడండి. మైదాలో ముప్పాతిక వంతు స్టార్చ్, అంటే పిండిపదార్థం. అది కంటికి కనపడని గట్టి రేణువులుగా ఉంటుంది. రేణువు లోపల అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే పొడవాటి అణువులు ఒత్తుగా సర్దుకుని ఉంటాయి. చల్లటి నీళ్ళలో ఈ రేణువు పెద్దగా తాగదు. నీరు 60 డిగ్రీల చుట్టుపక్కలకి వేడెక్కిందా, లోపలి సర్దుబాటు చెదిరిపోతుంది, సందుల్లోకి నీళ్ళు చొరబడతాయి, రేణువు తన బరువుకి ఎన్నో రెట్లు నీరు తాగి ఉబ్బుతుంది. అప్పటిదాకా గిన్నెలో పారాడిన నీళ్ళు ఇప్పుడు కదలకుండా బందీ అయ్యాయి.

దీనివల్ల ఎంత లాభమో మళ్ళీ లెక్క చెప్పనా? మన కొలతల్లో పోసిన నీళ్ళు 120 గ్రాములు. పెంకు తీసిన రెండు గుడ్లు వంద గ్రాములనుకుంటే అందులో ముప్పాతిక వంతు నీరే, అంటే 75 గ్రాములు. వెన్నలోనూ ఆరో వంతు దాకా నీరుంటుంది, అదో తొమ్మిది గ్రాములు. అంతా కలిపితే రెండు వందల గ్రాముల పైమాట. మరిగేటప్పుడు పోయేది తీసేసినా 70 గ్రాముల మైదాకి రెండున్నర రెట్ల నీరు. ఇన్ని నీళ్ళతో మైదాని చల్లగా కలిపి చూడండి, గరిటజారుగా ట్రే అంతా పరుచుకుంటుంది. ఎసట్లో ఉడికిన పిండి మాత్రం అంత నీటినీ కడుపులో పెట్టుకుని, ట్రే మీద గోపురంగా నిలబడుతుంది. పొంగించడానికి కావలసినంత నీరు, నిలబడడానికి కావలసినంత గట్టిదనం, ఈ రెండూ ఒకే ముద్దలో ఉండడం ఉడకబెట్టబట్టే సాధ్యమైంది. ఈ తిండి మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే.

పిండి ఒక్కసారే ఎందుకు పొయ్యాలంటే, కొద్దికొద్దిగా పోస్తే ముందు పడిన పిండి పైపొర ఉడికి జిగురవుతుంది, లోపల పొడిపిండి చిక్కుకుపోతుంది. అవే ఉండలు. ఉడకడంలో ఇంకో మేలూ ఉంది. మైదాలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ రబ్బరు సాగుడు ఇస్తుంది, రొట్టెకి అది కావాలి. ఇక్కడ మరుగుతున్న నీటి వేడి, వెన్నలోని కొవ్వు కలిసి ఆ సాగుడుని చాలావరకు చంపేస్తాయి. పిండి ఆవిరికి ఎదురుతిరిగి వెనక్కి లాగదు. చిన్న బుడగలు కలిసిపోయి లోపల పెద్ద గుల్ల ఏర్పడడానికి అదీ ఒక కారణం.

ముద్ద గిన్నె అంచులు వదిలి ఒక్క ఉండగా గరిటె వెంట తిరగడం మొదలయ్యాక చిన్న మంట మీద ఇంకో రెండు నిమిషాలు కలుపుతూనే ఉండండి. గిన్నె అడుగున పల్చటి తెల్లపొర అంటుకుంటుంది. ఇంట్లో గుచ్చి చూసే థర్మామీటరుంటే, ముద్ద 75, 80 డిగ్రీల మధ్య ఉంటే సరి. ఎక్కువైన తడి పోతే ఆ మేరకు గుడ్డు పడుతుంది. గుడ్డు ఎంత పడితే గోడ అంత బలం.

ఇక దించండి, గుడ్లు మాత్రం వెంటనే వెయ్యకండి. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడడం మొదలుపెడుతుంది. పొగలు కక్కే ముద్దలో కొడితే గుడ్డు అక్కడికక్కడే పొరటు అయిపోతుంది, తర్వాత గోడ కట్టడానికి ఏమీ మిగలదు. ముద్దని గిన్నె అంచులకి పరుస్తూ నాలుగైదు నిమిషాలు కలిపి వేడి తియ్యండి. వేలు పెడితే వెచ్చగా ఉండి, చురుక్కుమనకుండా ఉండాలి.

ఒక గుడ్డు కొట్టి కలపండి. ముద్ద ముక్కలు ముక్కలుగా విడిపోయి జారిపోతుంటే కంగారు పడకండి. కలుపుతూ పోతే మళ్ళీ అంతా ఒక్కటవుతుంది. కొవ్వు పట్టిన పిండికీ నీటిశాతం ఎక్కువున్న గుడ్డుకీ మొదట పొత్తు కుదరదు, పచ్చసొనలో ఉన్న లెసితిన్ ఇద్దరికీ మధ్యవర్తి. దాని అణువుకి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస కొవ్వుని ఇష్టపడుతుంది. రెండో గుడ్డుని విడిగా గిలకొట్టి కొంచెం కొంచెంగా పొయ్యండి. గుడ్డు బరువు అన్నిటికీ ఒకలా ఉండదు, మంట మీద ఎంత తడి పోయిందో అదీ ఇంటింటికీ మారుతుంది. కనుక పుస్తకం చెప్పిన సంఖ్య కన్నా గరిటె చెప్పేది వినాలి. గరిటె పైకెత్తితే పిండి దాని నుంచి త్రికోణంగా వేలాడి, నెమ్మదిగా తెగి పడాలి. అక్కడ ఆపెయ్యండి. పలచనైతే దాన్ని చిక్కబరచడానికి పొడి మైదా పనికిరాదు, అది ఉడకలేదు కదా. కొత్తగా కొంచెం పిండి ఎసట్లో ఉడికించి కలుపుకోవడమే దారి. గుడ్డు తిననివాళ్ళు దీన్ని గుడ్డు లేకుండా చెయ్యమంటే నా దగ్గర జవాబు లేదు. గోడ అంతా గుడ్డుదే.

చీజు దగ్గర కాస్త ఆగుదాం. గూజేర్లకి స్విట్జర్లాండ్ గ్రుయేర్ గాని, బర్గండీకి తూర్పున ఆనుకుని ఉన్న జూరా కొండల కోంతే గాని వాడతారు. కోంతే చక్రం ఒకటి దాదాపు 40 కిలోలుంటుంది, దానికి సుమారు 400 లీటర్ల పాలు కావాలి. పాత రోజుల్లో ఒక్క రైతుకి అన్ని ఆవులెక్కడివి? కొండ ఊళ్ళవాళ్ళు తమ పాలు ఒకచోట పోసి, కలిసి చీజు చేసుకునేవారు. ఫ్రుయితియేర్ అనే ఆ ఊరుమ్మడి చీజుశాలలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మంచు కురిసే నెలల్లో పాలు ఉండవు కాబట్టి వేసవి పాలని నెలలపాటు నిలవుండే రూపంలోకి మార్చుకున్న ఉపాయం అది. ఈ చీజు స్ప్రూస్ చెట్టు బల్లల మీద కనీసం నాలుగు నెలలు మాగాలి. ఏ ప్రాంతపు పాలు, ఏ జాతి ఆవులు, ఎలా చెయ్యాలి అన్నవి నిర్ణయిస్తూ ఫ్రాన్సు ప్రభుత్వం 1958లోనే కోంతేకి రక్షణ గుర్తింపు ఇచ్చింది. ఊరివాళ్ళు పాలు కలిపి పోసుకుని నిలబెట్టుకున్న వస్తువు మీద నాకు గౌరవం ఎక్కువ.

మాగడం అంటే ఏమిటి? చీజులోని కేసీన్ అనే ప్రొటీన్ని ఎంజైములు మెల్లగా తుంచి, చిన్న ముక్కలుగా, చివరికి అమైనో ఆమ్లాలుగా మారుస్తాయి. నోటికి నిండు రుచినిచ్చే గ్లూటమేట్ అందులో ఒకటి. బాగా మాగిన కోంతే నమిలితే పంటి కింద టప్పుమనే తెల్లటి పలుకులు తగులుతాయి. ఉప్పు అనుకుంటారు చాలామంది. అవి ఎక్కువగా టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటికాలు.

పన్నీరు వేస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. పన్నీరుకి పాలు మరిగించి నిమ్మరసం పిండుతాం. పులుపు తగలగానే కేసీన్‌ని అంటిపెట్టుకున్న కాల్షియం కరిగి విరుగుతేటలోకి పోతుంది, మరగడం వల్ల చెదిరిన తేట ప్రొటీన్లు కూడా కేసీన్‌కి అతుక్కుంటాయి. ఆ అల్లిక వేడికి కరగదు, నీళ్ళు వదిలి ఇంకా గట్టిపడుతుంది. అందుకే కూరలో పన్నీరు ముక్క ముక్కలాగే ఉంటుంది. రెన్నెట్ అనే ఎంజైముతో తోడుపెట్టిన చీజులో కాల్షియం చాలావరకు నిలిచి ఉంటుంది, వేడెక్కితే ఆ అల్లిక సడలి పారుతుంది. కోంతే, గ్రుయేర్‌లకి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది పట్టింపు ఉన్నవాళ్ళు తెలుసుకుని కొనాలి. మన దేశంలో తయారయ్యే చీజుల్లో ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన ఎంజైమే ఉంటుంది.

మన దుకాణాల్లో దొరికే ఘనాలు, స్లైసులు ప్రాసెస్ చేసిన చీజు. 1911లో స్విట్జర్లాండ్‌లోని టూన్ పట్నంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు చీజుని సోడియం సిట్రేటుతో కలిపి కరిగించి, చాలాకాలం చెడకుండా ఉండేలా చేశారు. అది నున్నగా కరుగుతుంది, తడి ఎక్కువ, సువాసన తక్కువ. వేరేది దొరక్కపోతే వాడండి, ఒక పది గ్రాములు తగ్గించి. దొరికితే మన దేశంలోనే చేసిన చెడ్డార్, గూడా మేలు. ఏ చీజయినా కొలత మించి వెయ్యకండి. చీజులో కొవ్వు ఎక్కువ, బరువూ ఎక్కువ, గోడ మొయ్యలేక పొంగు తగ్గుతుంది. తురుము ముప్పావు వంతు పిండిలో కలిపి, మిగిలింది పైన చల్లడానికి ఉంచండి. మిరియాలు, జాజికాయ కూడా ఇప్పుడే.

ఓవెన్‌ని 220 డిగ్రీలకి కనీసం పావుగంట ముందే వేడి చెయ్యండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 200 చాలు. ట్రే మీద బటర్ పేపరు పరిచి, రెండు చెంచాలతో పెద్ద ఉసిరికాయంత ముద్దలు దూరందూరంగా పెట్టి, తడివేలితో పైన మొనలు అణచండి. మొనలు ముందే మాడిపోతాయి. అంత వేడి ఎందుకో చెబుతాను. ఒక గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 70 కేలరీలు చాలు. అదే గ్రాముని 100 డిగ్రీల దగ్గరే ఆవిరిగా మార్చడానికి 540 కేలరీలు కావాలి. మీ పాఠంలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. చల్లటి ఓవెన్లో పెడితే ఆవిరి నెమ్మదిగా పుట్టి, పైపొర గుండా మెల్లగా జారిపోతుంది, ముద్ద పొంగకముందే ఎండిపోతుంది. వేడి ఓవెన్లో ఆవిరి ఒక్కుమ్మడిగా పుట్టి లోపల నుంచి తోస్తుంది. అప్పటికి గుడ్డు ఇంకా సాగే స్థితిలో ఉంటుంది. తోసిన చోటికి సాగి, సాగిన చోట 80 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడి, గోడగా నిలుస్తుంది. ఆవిరి, గుడ్డు, రెండూ వేళకి అందాలి.

పన్నెండు నిమిషాల తర్వాత వేడి 180కి తగ్గించి ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. ఈ మధ్యలో తలుపు తియ్యవద్దు. ఎంత ముద్దొచ్చినా గాజులోంచే చూడండి. తలుపు తీస్తే చల్లగాలి కొట్టి లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది, పదహారు వందల రెట్లు ఉన్నది మళ్ళీ ఒక చుక్క. గోడ గట్టిపడక ముందైతే పైకప్పు కూలిపోతుంది. మైక్రోవేవ్ ఒక్కటే ఉంటే ఈ వంట పెట్టుకోకండి. అది లోపలి నీటిని వేడిచేస్తుంది గాని పైపొరని కాల్చి ఎర్రబరచలేదు. ఇసుక పోసిన కుక్కర్లో కేకు చేసేవాళ్ళున్నారు. అందులో పైనుంచి వేడి తగలదు, ఆవిరి బయటికి పోయే దారీ తక్కువ.

ఎర్రబడడం కూడా నీటి సంగతే. పైపొరలో తడి ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. తడారిపోయాకనే 140 దాటుతుంది. అప్పుడు అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి గోధుమరంగూ వందలకొద్దీ సువాసనలూ పుట్టిస్తాయి. లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో ఈ చర్య గురించి రాశాడు, మయార్ చర్య అనే పేరు అలా వచ్చింది. వంటకోసం చేసిన పరిశోధన కాదది. శరీరంలో ప్రొటీన్లు ఎలా అల్లుకుంటాయో తెలుసుకోబోయి అక్కడికి చేరాడు. మాగిన చీజులో విడి అమైనో ఆమ్లాలు సిద్ధంగా ఉంటాయి కనుక, పైన చల్లిన తురుము అంత కమ్మగా కాలుతుంది.

లేత బంగారు రంగు చూసి తీసెయ్యకండి. పగుళ్ళ లోపల కూడా రంగు రావాలి, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉండాలి. ఓవెన్ ఆపేసి, ఒక్కోదానికి పక్కన పుల్లతో చిన్న చిల్లు పొడిచి, తలుపు ఓరగా తెరిచి ఐదు నిమిషాలు లోపలే ఉంచండి. లోపల మిగిలిన ఆవిరి ఆ చిల్లులోంచి పోతుంది. పోకపోతే చల్లారేటప్పుడు అక్కడే నీరై గోడని నానబెడుతుంది, గోడ కుంగుతుంది.

నా మాట నమ్మాలని లేదు, మీరే పరీక్ష చెయ్యండి. నాలుగు ముద్దల్ని కాల్చకముందు తూచి రాసుకోండి, కాల్చాక మళ్ళీ తూచండి. తగ్గిన బరువంతా దాదాపు నీరే. రెండింటికి చిల్లు పెట్టండి, రెండింటికి పెట్టకండి. అరగంటయ్యాక నాలుగింటినీ అడ్డంగా కోసి, గోడలు వేలితో నొక్కి చూసి, ఏది మెత్తబడిందో నోటుబుక్కులో రాయండి. ఇంకోసారి 220కి బదులు 160 డిగ్రీలతోనే మొదలుపెట్టి, ఎత్తు స్కేలుతో కొలవండి.

మిగిలినవి గాలి చొరని డబ్బాలో పెడితే మర్నాటికి మెత్తబడతాయి, లోపలి తడి పెంకులోకి పాకుతుంది కాబట్టి. 170 డిగ్రీల ఓవెన్లో ఐదు నిమిషాలు పెడితే ఆ తడి పోయి మళ్ళీ కరకరలాడతాయి. ముందురోజే చేసి ఉంచుకోవాలంటే ఇంకా మంచి ఉపాయం ఉంది. పచ్చి ముద్దల్నే ట్రే మీద పెట్టి ఫ్రీజర్లో గడ్డకట్టించి, సంచిలో పోసి దాచండి. చుట్టాలు వచ్చిన రోజున కరగనివ్వకుండా నేరుగా వేడి ఓవెన్లోకి పెట్టి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ కాల్చండి. నీళ్ళు లోపలే ఉన్నాయి కదా, ముద్దలు ఎప్పటిలాగే పొంగుతాయి.